ప్రయరీ స్థలాకృతి పటము: గళ్ళు, పేర్లు, తెగిన గీతలు

స్థలనామ పరిశోధనమునకు మనవారు ప్రధానాధారములుగా గైకొనునవి శాసనములు, కైఫియతులు, దండకవిలెలు, రెవెన్యూ లెక్కలు. పటమును చూడకపోరు, కాని ఊరు ఎచ్చట నున్నదో తెలిసికొని వెంటనే దానిని మడిచి వేయుదురు. పటమును కూడ ఒక గ్రంథముగా భావించి, అందలి క్రమమును, పేర్లను, లోపములను గుర్తించుచు చదువుట మన శాఖలలో ఇంకను అలవాటు కాలేదు. అట్టి పఠనమునకు ఒక ఉదాహరణమును ఈ వ్యాసమున చూపదలచితిమి. ఇందులకు మేము ఎన్నుకొన్నది తెలుగునేల కాదు. కెనడా దేశమునందలి సస్కాచెవాన్ రాష్ట్రపు ప్రయరీ వ్యవసాయ ప్రాంతము. 1950 మొదలుకొని కొన్ని యేండ్లపాటు ఆ దేశపు సర్వేశాఖవారు ప్రకటించిన స్థలాకృతి పటములు, అనగా సర్వే ఉద్యోగులు టోపోషీట్లని వ్యవహరించునవి, మాకు ఆధారము. పరిచితమైన నేలయందు పటము చెప్పనిదానిని మన జ్ఞాపకము మనకు తెలియకుండగనే పూరించును. పరాయి నేలయందు ఆ సహాయము లేదు. పటము ఎంత చెప్పునో, ఎంత చెప్పక విడుచునో అచ్చటనే నిక్కముగా తేలును.

ప్రయరీ అనునది ఫ్రెంచి మాట, పచ్చికబయలని అర్థము. ఉత్తర అమెరికా ఖండము నడుమ వేలకొలది సంవత్సరములు గడ్డినేలగా నుండి, దున్నిన పిమ్మట గోధుమకు నెలవైన ప్రదేశమిది. హిమయుగపు మంచుపలకలు కరగి తొలగుచు విడిచిన మట్టిపై ఏర్పడిన నేల యగుటచే ఇచ్చట కొండలు తక్కువ, గుంటలు మెండు. ఎత్తును తెలుపు గోధుమరంగు గీతలు తరచు 25 అడుగుల కొకటి చొప్పున గీయబడినను, పలుచోట్ల ఒక గీతనుండి మరియొక గీతకు చాల దూరముండును. నీలిరంగున నదులకంటె చుక్కలే ఎక్కువ. ఇవి వసంతమున మంచునీటితో నిండి వేసవి తుదకు ఎండిపోవు గుంటలు. స్థానికులు వీనిని 'స్లూ' అందురు. నీరు నియతముగా నిలువని గుంట యంచు తెగిన గీతతో చూపబడును. రంగులనుగూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు. చూపరి కన్ను మొదట పట్టునది ఈ ప్రకృతి కాదు, దానిపై పరచిన గళ్ళు.

ఈ పటముల ప్రమాణము 1:50,000. అందు ఒక మైలు మూడు సెంటీమీటర్లకు కొంచెము మించి యుండును. ఉత్తర దక్షిణములుగా మైలున కొక బాట, తూర్పు పడమరలుగా రెండు మైళ్ళ కొక బాట యుండుటచే, పటమంతయు నిలువుగా పేర్చిన దీర్ఘచతురస్రముల వలె కనబడును. నేల ఎగుడు దిగుడైనను బాట ఒదిగి నడువదు. నడుమ గుంట వచ్చినచో ఈవలి యొడ్డున ఆగిపోయి, ఆవలి యొడ్డున అదే సూటిలో మరల మొదలగును. ఇట్టి బాట నడకచే ఏర్పడినది కాదని పటమే చెప్పుచున్నది. మొదట గీత, పిదప బాట, ఆ పిదప నడచు మనుష్యుడు.

ఈ గీతల చరిత్రను క్లుప్తముగా చెప్పుదుము. 1670లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు ఇచ్చిన సన్నదు ననుసరించి ఈ విశాల ప్రదేశము హడ్సన్ బే కంపెనీ యను వర్తక సంఘమునకు చెందినదిగా లెక్కింపబడుచుండెను. 1870లో అది కెనడా ప్రభుత్వమునకు బదిలీ అయ్యెను. 1871లో నూతన ప్రభుత్వము సర్వే ఆరంభించెను. అమెరికా సంయుక్త రాష్ట్రములతో సరిహద్దు అయిన 49వ అక్షాంశము దక్షిణపు మూలరేఖ. వినిపెగ్ నగరమునకు కొంచెము పడమరగా మొదటి మూల రేఖాంశము, 102వ రేఖాంశమున రెండవది, 106వ దానియందు మూడవది, 110వ దానియందు నాలుగవది, ఇట్లు పడమరకు సాగును. ఈ రేఖల నడుమ నేలను ఆరు మైళ్ళ చదరములుగా విభజించిరి. ఒక్కొక్కటి ఒక టౌన్‌షిప్పు. ఉత్తరమునకు పోవుకొలది టౌన్‌షిప్పు సంఖ్య, పడమరకు పోవుకొలది రేంజి సంఖ్య పెరుగును. టౌన్‌షిప్పున 36 సెక్షనులు; సెక్షను ఒక చదరపు మైలు, 640 యెకరములు. అందు నాలుగవ పాలు, అనగా 160 యెకరముల పాదము, ఒక సేద్యగాని వాటా. 1872 నాటి భూచట్టము ప్రకారము పది డాలర్ల రుసుము చెల్లించి, మూడేండ్లు ఆ నేలపై నివసించి, కొంత దున్ని, ఇల్లు కట్టుకొన్నవానికి ఆ పాదము సొంతమగును.

సెక్షనులకు అంకెలు వేసిన విధము భాషా పరిశోధకులకు వినోదము గొలుపును. ఆగ్నేయపు మూల ఒకటవ సెక్షను. అచ్చటినుండి పడమరగా ఆరువరకు పోయి, ఏడవది ఆరవదాని నెత్తిన నిలిచి, తిరిగి తూర్పుగా పండ్రెండువరకు వచ్చును. ఇట్లు మళ్ళి మళ్ళి నడచి ఈశాన్యపు మూల 36తో ముగియును. ప్రాచీన గ్రీకు శాసనములలో కొన్నింట పంక్తులు ఇటులనే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు నడచును. ఆ వ్రాతకు గ్రీకులు పెట్టిన పేరు దుక్కిటెద్దు మళ్ళు తీరును తెలుపును. నాగలి తాకని నేలకు నాగటిచాలు వరుసలో అంకెలు పడినవన్నమాట.

కనుక ఒక రైతు చిరునామా ఈ విధముగా నుండును: రెండవ మూల రేఖాంశమునకు పడమర, 16వ రేంజి, 27వ టౌన్‌షిప్పు, 14వ సెక్షను, ఈశాన్య పాదము. ఇందు ఊరి పేరు లేదు, తండ్రి పేరు లేదు, చెట్టు చేమ లేవు. మన శాసనములందలి ఎల్లలతో దీనిని పోల్చి చూడవలెను. దానమిచ్చిన క్షేత్రమునకు తూర్పున పుట్ట, ఆగ్నేయమున చింత, దక్షిణమున వాగు, నైరృతిన నాటిన రాయి అని దిక్కుదిక్కునకు గురుతులు చెప్పుట మన శాసనకర్తల మర్యాద. ఆ యెల్లలు చెప్పినవాడు ఆ పొలము గట్లవెంట నడచినవాడు. చింత పడిపోయినచో తగవు వచ్చును. ప్రయరీయందు ఎల్ల చెప్పుటకు ఆ నేలను కన్నులార చూడనక్కరలేదు. రాజధాని ఒట్టావాలో బల్లపై కాగితము పరచి చెప్పవచ్చును. అయినను రెండు వ్యవస్థలకు నడుమ ఒక చుట్టరికము కలదు. ప్రయరీని కొలిచిన 66 అడుగుల గంటరు గొలుసు, నూరు లింకులది, మదరాసు రాజధాని రెవెన్యూ సర్వేయందును వాడుకలో నుండెను. మన గ్రామములలో పాత క్షేత్రకొలతల పుస్తకములు తిరుగవేసినవారికి లింకుల లెక్క పరిచితమే. అయితే మనకు ఊరు మొదటిది, సర్వే నంబరు తరువాతిది. ప్రయరీయందు నంబరే మొదటిది. ప్రయరీ బాట వెడల్పు కూడ ఒక గొలుసు, 66 అడుగులు. ఈ 66 అడుగులను పాఠకులు గుర్తుంచుకొనవలెను. మరల పని పడును.

గళ్ళ సూటిదనము ఒక్కచోట భంగపడును. ఉత్తరమునకు పోవు బాట అకస్మాత్తుగా తూర్పునకో పడమరకో కొంత దూరము తిరిగి, మరల ఉత్తరమునకు సాగును. పటమున ఇది అతుకు తప్పిన గుడ్డవలె నుండును. ముద్రణ దోషమేమో యని అనుమానము కలుగవచ్చును, కాదు. రేఖాంశములన్నియు ధ్రువమువైపు దగ్గర పడును. సమానమైన చదరములను గుండ్రని భూమిపై పేర్చుచు పోయినచో ఎచ్చటనో ఒకచోట లెక్క సరిదిద్దక తప్పదు. 24 మైళ్ళ కొక దిద్దుబాటు రేఖను నిర్ణయించి, అచ్చట చదరములను మరల సరియైన వెడల్పుతో ఆరంభించిరి. మూల రేఖాంశమునకు దూరమగుకొలది వంపు పెద్దదగును. బండి తోలువాడు భూమి గుండ్రదనమును ఆ మలుపులో అనుభవించును. ఈ పటములందు మాకు మిక్కిలి నచ్చిన యంశమిది.

ఇక పేర్లు. పటమున నల్లని రైలుమార్గమొకటి గళ్ళను లెక్కింపక వాయవ్యముగా పోవుచుండును. ఇది గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ అను కంపెనీ 1907, 1908 సంవత్సరముల ప్రాంతమున ఈ రాష్ట్రమున నిర్మించిన మార్గము. 1920 తరువాత ప్రభుత్వపు కెనేడియన్ నేషనల్ సంస్థలో కలిసినది. దానిపై స్టేషన్ల పేర్లను తూర్పునుండి పడమరకు చదువుడు: ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెలిహర్, లెరాస్, లెస్టాక్. మరికొంత దూరమునకు పన్నిచీ, క్వింటన్, రేమోర్, సీమన్స్, టేట్. ఇంకను పడమరకు వెన్, వాట్రస్, జీనా, యంగ్, జెల్మా. పిమ్మట మొదటికి వచ్చి అల్లన్, బ్రాడ్‌వెల్, క్లావెట్. ఆంగ్ల వర్ణమాల తెలిసినవారికి కిటుకు వెంటనే తట్టును. ఎఫ్, జి, హెచ్, ఐ, జె, కె, ఎల్ మొదలుగా అక్షరక్రమమున ఊళ్ళు పుట్టినవి. జీనా ఎక్స్ అక్షరమునకు, జెల్మా జెడ్ అక్షరమునకు నిలిచినవి. తెలుగున వ్రాసినచో రెండును జకారములే యగుటచే ఈ రహస్యము మన లిపిలో మరుగుపడును. నిఘంటువు కూర్చువాడు మాటలను అకారాదిగా పేర్చుట ఎరుగుదుము. ఇచ్చట కంపెనీ ఊళ్ళనే అట్లు పేర్చినది.

ఈ వరుస మన పరిశోధక విద్యార్థులకు గట్టి హెచ్చరిక. పేరునుండి చరిత్రను పిండు అలవాటు మనలో విస్తారముగా కలదు. ఊరి పేరున మఱ్ఱి యున్నచో మఱ్ఱిచెట్టును, పులి యున్నచో పులిని వెదకుదుము. కొన్నిసార్లు దొరకును కూడ. ఆ పద్ధతితో జాస్మిన్ స్టేషనును వ్యాఖ్యానింపబూనినవాడు అచ్చట మల్లెపందిళ్ళుండెనని వ్రాయును. చలికాలమున సున్నకు దిగువ నలుబది డిగ్రీలవరకు పడిపోవు నేల యది! ఐ తరువాత జె కావలసి వచ్చుటయే ఆ పేరు అచ్చట నిలుచుటకు హేతువు. వాట్రస్ అను పేరు కంపెనీ అధికారియైన ఫ్రాంక్ వాట్రస్ మోర్స్ నామమునుండి వచ్చినది. వరుసకు లొంగని మెల్విల్ పట్టణమునకు కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ మెల్విల్ హేస్ పేరు పెట్టిరి. అతడు 1912లో టైటానిక్ ఓడతో మునిగి చనిపోయెను. టేట్, వెన్ స్టేషన్ల నడుమ వరుసను చెరచుచు నోకోమిస్ అను పేరొకటి కలదు. ఇది ఓజిబ్వే భాషలో అవ్వ యనుటకు వాడు మాట. స్థానిక జాతుల పేరు నిలిచినదని సంతసింపబోయినచో అదియు పొరపాటే. అమెరికా కవి లాంగ్‌ఫెలో 1855లో ప్రకటించిన హయవాతా కావ్యమున నాయకుని అవ్వ పేరు నోకోమిస్. ఆ కావ్యమును చదివిన వలసవారి మూలమున అది ఈ నేలకు చేరినది. దేశ్యమువలె కనబడు పదము గ్రంథమార్గమున వచ్చిన తత్సమమైనట్లు.

స్టేషన్ల నడుమ దూరము ఏడెనిమిది మైళ్ళనుండి పది మైళ్ళవరకు ఉండుటకు కారణము గుర్రములు. రైతు తన ధాన్యమును బండిపై స్టేషనుకు తోలి, అమ్మి, చీకటి పడులోపల ఇల్లు చేరవలెను. ఆ లెక్కను బట్టియే ఊళ్ళు నాటబడినవి. ప్రతి స్టేషనునందును ఎలివేటరు అను ఎత్తైన కొయ్యగాదె నిలిచెను. ధాన్యమును యంత్రముతో పైకెత్తి, పైనుండి రైలుపెట్టెలలోనికి జార్చు కట్టడమిది. చెట్టులేని బయలున మైళ్ళ దూరమునుండి కనబడునది అదియే.

నేలపై పేర్లు ఇట్లుండగా నీటిపై పేర్ల స్థితి వేరు. సస్కాచెవాన్ అనునదియే మొదట నది పేరు. క్రీ భాషలో వడిగా పారునదని అర్థము. దక్షిణమున పారు కాపెల్ నదికి ఫ్రెంచివారు పెట్టిన పేరునకు 'ఎవరు పిలుచుచున్నారు' అని అర్థము. ఇది పిలుచునదను భావము గల క్రీ నామమునకు అనువాదము. రాజధానియైన రెజీనా నగరముగుండ పారు వాస్కానా యేటి పేరున ఎముకలను తెలుపు క్రీ మాట దాగియున్నది. అచ్చట అడవిదున్నల ఎముకలు కుప్పలుగా పేర్చబడి యుండెను. 1882లో విక్టోరియా రాణి గౌరవార్థము ఊరు రెజీనా ఆయెను, అనగా లాటిను భాషలో రాణి; ఏరు మాత్రము ఎముకల పేరుతోనే మిగిలెను. నదీనామములు ఊరిపేర్లకంటె దీర్ఘాయువులని స్థలనామ శాస్త్రజ్ఞులు చెప్పు మాటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము మాకు తోచలేదు. ఊరి పేరు మార్చుటకు ఒక ఉత్తరువు చాలును. ఏరు ఒకరి చేతిలోనిది కాదు, దానివెంట బ్రతుకువారు పలువురు.

ఇంతవరకు పటము చెప్పినది. ఇక గీతలు తెగినచోట్లను చూడవలెను. మా యభిప్రాయమున ఈ పటములందు అత్యంత ముఖ్యమైన భాగము అదియే.

పన్నిచీ, లెస్టాక్ స్టేషన్ల పరిసరమున గళ్ళ బాటలు ఒక హద్దువద్ద ఆగిపోవును. లోపల బాటలు వంకరగా, నేలను బట్టి నడచును. అందు గోర్డన్ 86, డే స్టార్ 87, పూర్‌మన్ 88, మస్కోవిక్వాన్ 85 అని పేర్లు, అంకెలు కనబడును. ఇవి ఇండియన్ రిజర్వులు. ఇండియన్ అనుట మనలను గూర్చి కాదు. కొలంబసు పొరపాటు మాటగా నిలిచి, ఆ ఖండపు మూలజాతులకు అంటినది. 1874 సెప్టెంబరు 15న కాపెల్ లోయయందు క్రీ, సోటో జాతుల నాయకులతో బ్రిటిషు రాణి పేర చేసికొన్న నాలుగవ ఒడంబడిక ప్రకారము అయిదుగురు గల కుటుంబమునకు ఒక చదరపు మైలు చొప్పున ఈ భూములు విడువబడినవి. 1885 తరువాత వీరు రిజర్వు దాటి పోవుటకు అధికారి యిచ్చు చీటీ కావలెనను ఆచారము నడచినది. దానికి చట్టపు ఆధారము లేకుండెను. రిజర్వుల పేర్లు పలువురు నాయకుల పేర్లే. పూర్‌మన్ అనుదాని మూలము కవాకటూస్ అను క్రీ నామము. దానికి బక్కచిక్కినవాడని అర్థము చెప్పుదురు. ఆంగ్లమున 'పూర్' అను మాట పశువుల విషయమున బక్కదనమును కూడ తెలుపును. కాని అనువాదమును చదివినవారికి బీదవాడను అర్థమే తట్టును. ఆ జాతివారు ఇప్పుడు తమ సంఘమును కవాకటూస్ అనియే వ్యవహరించుచున్నారు. అనువాదమున ఒక నాయకుని శరీరలక్షణము దారిద్ర్యముగా మారిన తీరును నామపరిశోధకులు గమనింపవలెను.

గీతలకు ఎదురు తిరిగిన మరియొక జాతి మేటీలు. ఫ్రెంచి, స్కాటు వర్తకులకును మూలజాతి స్త్రీలకును కలిగిన సంతతి వీరు. వీరి సేద్యము నదికి ఎదురుగా సన్నని పట్టీలలో నుండును. ప్రతి యింటికిని నీటి యొడ్డు, వెనుక పొలము, ఆ వెనుక గడ్డిబీడు. ఇరుగు పొరుగు దగ్గరగా నుండును. చదరపు గడిలో ఇంటికి ఇల్లు దూరము, నీరు దొరకునో లేదో అదృష్టము. 1869 అక్టోబరు 11న రెడ్ నది ప్రాంతమున సర్వేవారు మేటీల గడ్డిబీడుపై గొలుసు పరచగా, లూయీ రియెల్ నాయకత్వమున వారు ఆ గొలుసుపై కాలు మోపి పనిని ఆపిరి. కెనడాకు ఆ నేల ఇంకను బదిలీయే కాలేదు! వినిపెగ్ పరిసరముల పటములందు నదికి అడ్డముగా దువ్వెనపండ్లవలె కనబడు సన్నని పట్టీలు ఆనాటి సేద్యపు జాడలు. మరల 1885లో దక్షిణ సస్కాచెవాన్ నదీతీరమున బాటోష్‌వద్ద జరిగిన తిరుగుబాటుకు కారణములలో ఈ పట్టీల హక్కు ఒకటి. తిరుగుబాటు అణగినది, ఆ యేడు నవంబరులో రియెల్‌ను రెజీనాలో ఉరితీసిరి.

ఓడిన మేటీలు ఎచ్చటికి పోయిరి? గడులన్నియు పేరుపేరున కేటాయింపబడినవి. బేసి సెక్షనులు పలుచోట్ల రైలు కంపెనీలకు, 8వది, 26వదానిలో అధికభాగము హడ్సన్ బే కంపెనీకి, 11, 29 బడుల నిధికి, తక్కినవి వలస రైతులకు. ఎవరికిని చెందనిది బాట కొరకు విడిచిన 66 అడుగుల పట్టీ యొక్కటే. అనేక మేటీ కుటుంబములు ఆ పట్టీలపై గుడిసెలు వేసికొని, వేరులు త్రవ్వుచు, రైతుల పొలములలో కూలికి పోవుచు బ్రతికిరి. 'రోడ్డు అలవెన్సు జనము' అని వారికి పేరు. పన్ను కట్టు భూమి లేదు కనుక వారి పిల్లలకు పలుచోట్ల బడి ప్రవేశము కూడ దొరకకుండెను. 1938, 1939 సంవత్సరములలో మానిటోబా రాష్ట్రపు సాంత్ మాడలేన్ అను మేటీ గ్రామమును ఖాళీ చేయించి, ఇండ్లు తగులబెట్టి, ఆ నేలను ఉమ్మడి పశువుల బీడుగా మార్చిరి. 1940ల తుదియందు మనము పైన చదివిన అక్షరమాల మార్గముననే, లెస్టాక్ సమీపమున పట్టీలపై నుండిన కుటుంబములను రైలెక్కించి ఉత్తరమున గ్రీన్ లేక్‌కు తరలించిరి; విడిచిన ఇండ్లు కాల్చబడినవి. సరిగా ఆ కాలముననే మన పటముల కొరకు విమానములనుండి ఛాయాచిత్రములు తీయబడుచుండెను. పటమున 66 అడుగుల పట్టీ ఒక గీత మాత్రమే. గీతలోపల మనుష్యుని చూపుటకు ఏ ప్రమాణమునను చోటు లేదు.

గళ్ళలోని రైతులకు మాత్రము చోటున్నది. ప్రతి యిల్లును చిన్న నల్లని చదరము. చలిగాలికి అడ్డుగా పెంచిన చెట్ల వరుస దానిచుట్టును ఆకుపచ్చని చట్రముగా కనబడును. ఇండియన్ హెడ్ అనుచోట నుండిన ప్రభుత్వపు నారుమడినుండి ఉచితముగా పంచిన మొక్కలవి. ఈ నల్లని చదరములను లెక్కించి జనసంఖ్యను ఊహించుట సులభమని తోచును. కాని ఛాయాచిత్రము ఇంటిని చూపును గాని, ఆ యింట పొయ్యి వెలుగుచున్నదో లేదో చూపదు. 1930ల కరవు అప్పటికే ఎందరినో లేవదీసినది. యంత్రములు వచ్చి ఒక కుటుంబము సాగుచేయు నేలను పెంచినవి. సస్కాచెవానున 1936లో 142,391 సేద్యక్షేత్రములుండగా, 1951లో 112,018 మిగిలెను. 2021 నాటికి 34,128. ఎలివేటర్లు 1930లలో మూడువేలకు మించి యుండినవి. ఇప్పుడు కొయ్యవి అరుదైనవి, పలు శాఖా రైలుమార్గముల పట్టాలు పెరికివేయబడినవి. అందుచే 1950 నాటి పటము స్థిరమైన గ్రామసీమను చూపుచున్నదని తలచుట తగదు. లేచిపోవుచున్న పంక్తిలో కూర్చున్నవారిని లెక్కించిన లెక్క అది.

ఈ పటములందు మాకు మిక్కిలి విలువైన పేర్లు స్టేషన్లవి కావు, బడులవి. నాలుగైదు మైళ్ళ పరిధికి ఒక ఒంటిగది బడి, దానికొక పేరు, ఒక సంఖ్య. రాష్ట్రమున ఇట్టి బడిసీమలు సుమారు అయిదువేలుండెను. కంపెనీ పెట్టిన స్టేషను పేరువలె గాక, ఈ పేర్లను ఎంచుటలో సాధారణముగా ఆ చుట్టుపట్ల కాపురముండు రైతుల మాట చెల్లినది. యుక్రేను, జర్మనీ, స్కాట్లండు మొదలైన దేశములందు తాము విడిచివచ్చిన ఊళ్ళ పేర్లు వానిలో అనేకము. అంకెలతో పుట్టిన నేలకు మనుష్యులు తమంత తాము పెట్టుకొన్న పేర్లలో ముఖ్యమైనవి ఇవి. బడి పేరే చుట్టుపట్ల సీమకు వ్యవహారనామమైనది; ఓట్లు, నాట్యములు, వివాహ విందులు, అంత్యక్రియల సభలు అన్నియు అచ్చటనే. 1944లో చిన్న బడిసీమలను పెద్ద విభాగములుగా కలుపు చట్టము వచ్చినది. 1960ల తుదినాటికి ఒంటిగది బడులు దాదాపుగా అన్నియు మూతపడినవి. తరువాతి ముద్రణలనుండి వాని పేర్లును తొలగినవి. ఊరి వృద్ధులు పలుచోట్ల ఆ స్థలములయందు రాతిగుర్తులు నిలిపిరి. వానిపై బడి పేరు, నడచిన సంవత్సరములు, కొన్నిటిపై పాదము, సెక్షను, టౌన్‌షిప్పు, రేంజి అంకెలును చెక్కబడి యుండును. పాత పేర్లను సేకరింపదలచినవారికి 1950 నాటి పటమే దిక్కు.

పటమున బడికి గుర్తు ఒక్కటే. రైతుపిల్లలు ప్రొద్దున నడచిపోయి సాయంకాలమునకు ఇల్లు చేరిన ఒంటిగది బడికిని, రిజర్వులయందు మూలజాతి పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి, వారి భాష మాటలాడినచో శిక్షించుచు ఏండ్లకొలది ఉంచిన వసతిబడికిని భేదము ఆ గుర్తును బట్టి తెలియదు. పన్నిచీ సమీపమున గోర్డన్ రిజర్వు వసతిబడి 1996లోను, లెస్టాక్ సమీపమున మస్కోవిక్వాన్ వసతిబడి 1997లోను మూతపడినవి. 2018లో మస్కోవిక్వాన్ బడి ఆవరణమున భూమిలోనికి తరంగములను పంపు యంత్రముతో వెదకగా కనీసము 35 గుర్తులేని సమాధులు కనబడినవి.